పద్దెనిమిది ఆటలు

జార్జ్ బిజే పేరు తెలియని వాళ్ళు కూడా 'కార్మెన్' ఒపెరాలోని 'హబనేరా' బాణీని ఎక్కడో ఒకచోట, ఏ ప్రకటనలోనో ఏ సినిమాలోనో వినే ఉంటారు. ప్రపంచంలో ఎక్కువగా ఆడే ఒపెరాల్లో అదొకటి. కానీ 1874లో పారిస్‌లో ఎవరినైనా బిజే గురించి అడిగితే, "పియానో అద్భుతంగా వాయిస్తాడు, పైకొస్తాడనుకున్నాం" అని ఊరుకునేవాళ్ళేమో. 1863లో ఆయన 'ముత్యాల వేటగాళ్ళు' 18 ఆటలకు ఆగిపోయింది. 1867లో 'పెర్త్ సుందరి' కూడా సరిగ్గా 18 ఆటలే. 1872లో 'జమీలె' ఆ మాత్రం కూడా ఆడలేదు.

ఆయన ఉత్తరాలు చదవాల్సింది ఈ లెక్కలు పక్కన పెట్టుకుని.

మొదటి కట్ట రోమ్ నుంచి రాసింది. 1857లో, 18 ఏళ్ళకే, ఫ్రెంచి ప్రభుత్వం ఇచ్చే 'రోమ్ బహుమతి' గెలిచాడు. సర్కారు ఖర్చుతో ఇటలీలో ఉండి రాసుకోవాలి, రాసింది పారిస్‌కి పంపాలి. భక్తి సంగీతం పంపమంటే 'డాన్ ప్రొకోపియో' అనే హాస్య ఒపెరా పంపిన ఘనుడు. ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఆ ధీమా అంతా కనిపిస్తుంది. దాంతో పాటే డబ్బు సంగతులు, ఒంటి సంగతులు, ఎవరేమన్నారు, ఎవరికంటే తనెంత మేలు. మా భీమ్‌గల్ వైపు ఇలాంటి ఉత్తరాలు కొత్త కాదు. ఊరు విడిచిన కొడుకు తల్లికి ఏం రాస్తాడో, ఏం దాస్తాడో గల్ఫ్‌కి మనిషిని పంపిన ప్రతి ఇంటికీ తెలుసు. బిజే తిరిగొచ్చాక ఏడాదికే, 1861లో, తల్లి చనిపోయింది.

రెండో కట్టలో స్వరం మారుతుంది. పెద్దల ఒపెరాలని పియానోకి కుదించడం, అచ్చు ప్రూఫులు దిద్దడం, పిల్లలకి పాఠాలు చెప్పడం. రోజుకి పదిహేను, పదహారు గంటలు పనిచేస్తున్నానని, బతకాలి కదా అని రాసుకున్నాడు. పొద్దంతా ఇంకొకళ్ళ కోడ్ సర్దుతూ, సొంతంగా ఏదో రాయాలని రాత్రిళ్ళు కూర్చునే మాలాంటి వాళ్ళకి ఈ భాగం మరీ దగ్గరగా తగులుతుంది. అదే కాలంలో దక్షిణాన మోంతోబాన్ దగ్గరుండే ఎద్మోఁ గలబేర్ అనే కుర్రాడికి పోస్టులో సంగీతం నేర్పాడు. అతను కసరత్తులు రాసి పంపేవాడు, ఈయన దిద్ది వెనక్కి పంపేవాడు. పాఠాల మధ్యలో దేవుడి గురించి, తత్వం గురించి వాదనలు, తన ఒపెరా ఎక్కడిదాకా వచ్చిందో కబుర్లు. 1909లో గలబేర్ ఆ ఉత్తరాల్ని అచ్చు వేయబట్టే ఆ రోజులు మన చేతికి అందాయి.

జీవితచరిత్ర రాసేవాడికి ముగింపు ముందే తెలుసు. అందుకే 'ముత్యాల వేటగాళ్ళు' పోయిందంటే, కార్మెన్‌కి అది మెట్టు అంటాడు. ఉత్తరం రాసేవాడికి ఆ సౌకర్యం లేదు. పోయింది అంటే పోయిందనే. బిజే తన ఓటముల్ని మెట్లుగా చూడలేదు, అప్పుడప్పుడే తగులుతున్న దెబ్బలుగానే చూశాడు. మనం 'కెరీర్' అని పిలిచే గీత వెనక్కి తిరిగి చూసినవాళ్ళు గీసింది. నడుస్తున్నవాడి కాళ్ళ కింద గీతేమీ ఉండదు.

1875 మార్చి 3న కార్మెన్ మొదటి ఆట. కుటుంబాలు వచ్చి పెళ్ళిచూపులు కూడా కానిచ్చే థియేటర్‌లో, చుట్టలు చేసే ఆడకూలీలు పొగ తాగుతూ కొట్టుకున్నారు, చివర్లో నాయిక వేదిక మీదే హత్యకి గురైంది. పత్రికలు మండిపడ్డాయి. సరిగ్గా మూడు నెలలకి, జూన్ 3న, బిజే చనిపోయాడు. అప్పటికి 36 ఏళ్ళు. ఆ రోజు ఆయన పెళ్ళిరోజు. ఆ రాత్రి కార్మెన్ 33వ ఆట. అక్టోబర్‌లో వియన్నాలో అది జెండా ఎగరేసింది. పదేళ్ళలో లోకమంతా దీన్ని మించిన ఒపెరా లేదంటుందని 1880లో ఒక ఉత్తరంలో రాసింది చైకోవ్‌స్కీ. ఆ ముక్క ఎవరికి చేరాలో ఆయనకి చేరలేదు.

ఈ కథలో నన్ను పట్టి ఉంచేది దాచిపెట్టిన చేతులు. 17 ఏళ్ళప్పుడు బిజే రాసిన సింఫనీ ఆయన బతికుండగా వాయించనే లేదు. ఆ కాగితాలు భార్య జెనెవియెవ్ నుంచి రేనాల్దో ఆన్‌కి, ఆయన నుంచి 1933లో పారిస్ కన్సర్వేటరీ లైబ్రరీకి చేరితే, 1935లో మొదటిసారి వినిపించింది. 'ముత్యాల వేటగాళ్ళు' అసలు ప్రతి దొరక్క, ఎవరెవరో మార్చిన రూపాలే దశాబ్దాల పాటు ఆడాయి. కాగితం అలవాటున్న ఊళ్ళో, చదువుకున్న ఇంట్లోనే పరిస్థితి ఇది.

మరి మన దగ్గర? ఆటా పాటా కలిసిన నాటకం మా జిల్లాకి కొత్త కాదు. చిందు కళాకారులు తమ మిరాశీ ఊళ్ళు తిరుగుతూ రాత్రంతా యక్షగానం ఆడేవాళ్ళు. యక్షగానాలు రాసిన చెర్విరాల భాగయ్య పేరు అచ్చు పుస్తకాల మీద మిగిలింది. బోధన్ ప్రాంతపు చిందుల ఎల్లమ్మ పేరు చూసినవాళ్ళ నోట, 2005లో ఆమె పోయాక కూడా, మిగిలింది. మిగతావాళ్ళు? ఫలానా దరువుకి ఆ మలుపు ఎవరు పెట్టారు, ఏ ఊళ్ళో ఆట ఆగిపోయింది, ఆ ఏడు ఇంట్లో ఎలా గడిచింది అని అడిగితే చూపించడానికి కట్టలు లేవు. ఆట ఊరందరిదీ. ఆడినవాళ్ళ కులం మాత్రం ఊరికి అవతల. వాళ్ళ ఉత్తరాలు దాచేదెవరు?

అయితే ఉత్తరం అంటే కాగితమే కానక్కర్లేదని మావాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. రాయడం రానివాళ్ళు గల్ఫ్ నుంచి క్యాసెట్‌లో మాట్లాడి పంపేవాళ్ళు. అమ్మా బాగున్నావా దగ్గర మొదలై, పైసలు, ఎండ, యజమాని, అలక, ఏడుపు, అన్నీ అందులోనే. బిజే రోమ్ నుంచి రాసినవాటికి ఇవి ఏ రకంగానూ తీసిపోవు. చాలావాటి మీద తర్వాత సినిమా పాటలు ఎక్కించుకున్నారంతే.

ఇప్పుడు చిందు ఆటల వీడియోలు యూట్యూబ్‌లో దొరుకుతున్నాయి, మంచిదే. కానీ అది కార్మెన్ దొరికినట్టు, గలబేర్ ఉత్తరాలు దొరికినట్టు కాదు. ఈ కార్తీకంలో లింబాద్రిగుట్ట జాతరకి పోయినా, ఇంకెక్కడన్నా ఆట కనపడినా, ఫోన్ వేషం మీదికి తిప్పే ముందు ఒక పది నిమిషాలు వేషం కట్టే మనిషి దగ్గర కూర్చోవచ్చు. ఈ పాట ఎవరు నేర్పారు, ఈ ఏడు ఎన్ని ఆటలు ఆడారు, ఒక్క ఆటకి ఎంత ఇచ్చారు, ఆట లేని రోజున ఏం పని చేస్తారు? పారిస్‌లో ఒకాయన ఒపెరా 18 ఆటలకే ఆగిందని నిజామాబాద్ జిల్లా వాడికి తెలిసినప్పుడు, పక్క ఊరి ఆట ఎన్నాళ్ళు ఆడిందో కూడా తెలియాలి కదా.