రెండు చుక్కల ఇంటిపేరు

ఇంగ్లీషులో రాసేటప్పుడు చివరి అక్షరం నెత్తిన రెండు చుక్కలు పెట్టే ఇంటిపేరు ఒకటి ఉన్నది. అది బ్రోంటే. ‘జేన్ ఐర్’ రాసిన షార్లెట్, ‘వుదరింగ్ హైట్స్’ రాసిన ఎమిలీ, వారి చెల్లెలు ఆన్ ఆ ఇంటి ఆడపిల్లలు. పాఠ్యపుస్తకాలలోనైనా ఈ పేరు చూసినవారు మనలో చాలామంది ఉంటారు. ఆ అక్కచెల్లెళ్లు ఇంగ్లండులో పుట్టి, అక్కడి చర్చి బంగళాలో పెరిగారు. కాని వారి ఇంటిపేరు మాత్రం ఇంగ్లండుది కాదు. వారి తండ్రి, సంఘకాపరి అయిన పాట్రిక్ బ్రోంటే ఐర్లండు నుండి తెచ్చుకున్నది. అక్కడ అది ఆ రూపంలో లేదు.

పదవీ విరమణ చేసిన ఇంగ్లీషు పంతులును గనుక ఈ సంగతి నాకు ముందే కొంత తెలుసు. అయితే పోయిన సంవత్సరం అమెరికాలో ఉన్న మా చిన్నవాడు ఫోను చేసి ఒక మాట అడిగిన తరువాతనే దీన్ని శ్రద్ధగా చదివాను. “నాన్నగారూ, ఇక్కడ మన ఇంటిపేరు ఎవరికీ నోరు తిరగడం లేదు. స్పెల్లింగు కొంచెం మార్చి, రెండక్షరాలు తగ్గించి రాసుకుంటే మీకు బాధా?” అన్నాడు. ఆలోచించి చెబుతానన్నాను. కాని ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. మా నాన్నగారు కూలి చేసి మమ్మల్ని చదివించారు. ఆయన మాకు ఇచ్చి వెళ్లిన ఆస్తి ఆ ఇంటిపేరొక్కటే. దానిలో రెండక్షరాలు పోతే ఆయనలో కొంత పోయినట్టేనా? ఈ ప్రశ్నతోనే నేను పాట్రిక్ బ్రోంటే జీవితం తిరగేశాను.

ముందుగా ఐర్లండు ఇంటిపేర్ల సంగతి చెప్పాలి. యూరపులో వంశపారంపర్యంగా ఇంటిపేర్లు పెట్టుకోవడం చాలా ముందుగా మొదలైన దేశాలలో ఐర్లండు ఒకటి. ఓ క్లేరిగ్ అనే ఇంటిపేరు గల ఒక పాలకుడు 916లో చనిపోయినట్టు అక్కడి వృత్తాంతాలలో ఉన్నది. ఐరిష్ భాషలో ‘ఓ’ అంటే మనుమడు, వంశంవాడు అని అర్థం. ‘మాక్’ అంటే కొడుకు. ఓబ్రయన్ అంటే బ్రయన్ వంశంవాడు. ఆ బ్రయన్ 1014లో క్లాన్‌టార్ఫ్ యుద్ధంలో మరణించిన రాజు బ్రయన్ బోరు. అంటే ఐర్లండువారి ఇంటిపేరు విప్పి చూస్తే, చాలా పేర్లలో ఒక తాత కనబడతాడు. మనకు ఊరిని బట్టి, వృత్తిని బట్టి ఇంటిపేర్లు వచ్చినట్టే వారికి మనుషులను బట్టి వచ్చాయి.

తరువాత ఆ దేశం ఇంగ్లండు పాలన కిందికి వచ్చింది. 1465లో ఒక చట్టం చేశారు. డబ్లిను చుట్టుపక్కల నాలుగు జిల్లాలలో ఉన్న ఐరిష్‌వారు తమ పేర్లు వదిలి ఒక పట్టణం పేరో, రంగు పేరో, వృత్తి పేరో ఇంగ్లీషులో పెట్టుకోవాలని ఆ చట్టం చెప్పింది. శతాబ్దాలు గడిచేకొద్దీ కోర్టు కాగితాలు, భూమి పత్రాలు, పన్నుల లెక్కలు అన్నీ ఇంగ్లీషులోనే సాగాయి. వాటిని రాసే గుమాస్తాలకు ఐరిష్ రాదు. చెవికి ఎలా వినబడితే అలా రాసేవారు. ఒకే తాతకు పుట్టినవారు ఒక ఊరి కాగితంలో ఒక విధంగా, పక్క ఊరి కాగితంలో ఇంకొక విధంగా కనబడడం అందుకే. చాలామందికి ముందున్న ‘ఓ’ ఊడిపోయింది. కొందరు అర్థాన్నే అనువాదం చేసుకున్నారు. కమ్మరి కొడుకు అనే అర్థం గల మాక్ గవన్ ఇంటివారిలో కొందరు ఇంగ్లీషులో కమ్మరి అని అర్థమిచ్చే స్మిత్ అయ్యారు. 19వ శతాబ్దం చివర ఐరిష్ భాషకు మళ్లీ గౌరవం తేవాలని ఉద్యమం వచ్చాక, పోయిన ‘ఓ’ను తిరిగి చేర్చుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

ఇప్పుడు మన బ్రోంటే సంగతికి వద్దాం. దీని ఐరిష్ మూలం ‘ఓ ప్రొంటీ’. ఆ భాషలో ‘బ్రొన్’ అనే మాటకు బహూకరించడం, ఉదారంగా ఇవ్వడం అని అర్థం. ఓ ప్రొంటీ అంటే దాత వంశంవాడు అన్నమాట. 18వ శతాబ్దంలో పాడ్రిగ్ ఓ ప్రొంటీ అనే లేఖకుడు ఐరిష్ భాషలోని పాత గ్రంథాలను చేతితో నకళ్లు రాసి కాపాడాడు. అంటే పేరు మూలరూపంలో కూడా అప్పటికి బ్రతికే ఉన్నది. ఇంగ్లీషు కాగితాలకు ఎక్కేసరికి అదే పేరు ప్రంటీ, ప్రొంటీ, బ్రంటీ అని పలు విధాలైంది. ‘ప’కారం ‘బ’కారమైంది. చివరి ‘టీ’ని ఒకరు ఒక అక్షరంతోను, ఇంకొకరు రెండక్షరాలతోను రాశారు. మన తెలుగులో అయితే దీర్ఘమిస్తే సరిపోయేది!

పాట్రిక్ 1777 మార్చి 17న ఐర్లండు ఉత్తరభాగంలో, డౌన్ జిల్లాలోని ఎమ్‌డేల్ అనే పల్లెలో రెండు గదుల ఇంట్లో పుట్టాడు. ఆ రోజు సెయింట్ పాట్రిక్ పండుగ గనుక ఆ పేరే పెట్టారు. తండ్రి హ్యూ బ్రంటీ కష్టజీవి. తల్లి ఎలినార్, మెక్‌క్లోరీ వారి అమ్మాయి. పదిమంది పిల్లలలో పాట్రిక్ పెద్దవాడు. చిన్నతనంలో కమ్మరి కొలిమి దగ్గర పనిచేశాడు, నారబట్ట నేత నేర్చుకున్నాడు. చదువు మీద ఆశతో దొరికిన పుస్తకమల్లా చదివి పదహారేళ్ల వయసుకే బడిపంతులయ్యాడు. డ్రంబలిరోనీ సంఘకాపరి థామస్ టై అతని తెలివి చూసి తన పిల్లలకు చదువు చెప్పడానికి పెట్టుకున్నాడు. ఆ సంఘపు బాప్తిస్మపు రిజిస్టరులో పాట్రిక్ తమ్ముళ్ల, చెల్లెళ్ల పేర్లున్నాయి. ఇంటిపేరు అక్కడా ఒకే స్పెల్లింగుతో లేదు.

టై గారి ప్రోత్సాహంతో పాట్రిక్ 1802లో ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కాలేజీలో చేరాడు. ఫీజు తగ్గించి పేదవారిని చేర్చుకునే పద్ధతి ఒకటి అక్కడ ఉండేది. ఆ పద్ధతిలోనే సీటు దొరికింది. అక్టోబరు 1న అతని పేరు రిజిస్టరులో ఎక్కించినప్పుడు గుమాస్తా ‘బ్రాంటీ’ అని రాశాడు. ఐర్లండు యాస అతని చెవికి అలా వినబడి ఉంటుంది. పాట్రిక్ రెండు రోజుల తరువాత దాన్ని దిద్దించాడు. కాని తండ్రి రాసుకున్న ‘బ్రంటీ’ అని దిద్దించలేదు, ‘బ్రోంటే’ అని దిద్దించాడు.

ఎందుకలా చేశాడు? దీని గురించి ఆయన రాసి పెట్టింది లేదు గనుక చరిత్రకారులు ఊహించి చెప్పేవే ఉన్నాయి. ఇంగ్లండు నౌకాదళంలో పేరుమోసిన సేనాని నెల్సన్‌కు 1799లో నేపుల్స్ రాజు ‘డ్యూక్ ఆఫ్ బ్రోంటే’ అనే బిరుదు ఇచ్చాడు. బ్రోంటే అనేది సిసిలీ దీవిలో ఎట్నా అగ్నిపర్వతం కింద ఉన్న ఒక ఊరు. ఆ రోజుల్లో ఇంగ్లండులో అందరి నోటా ఉన్న పేరది. పైగా గ్రీకు భాషలో ‘బ్రోంటే’ అంటే ఉరుము. గ్రీకు చదువుకున్న యువకునికి అది నచ్చి ఉండవచ్చు. ఇంకొక సంగతి కూడా ఉన్నది. 1798లో ఐర్లండులో ఇంగ్లీషు పాలన మీద తిరుగుబాటు జరిగింది. పాట్రిక్ తమ్ముడు విలియం ఆ తిరుగుబాటుదారులతో కలిసి బలినహించ్ దగ్గర పోరాడాడని చెబుతారు. నాలుగేళ్లకే ఇంగ్లండులో అడుగుపెట్టిన ఐర్లండు పేదవానికి తన పేరు ఐరిష్‌గా వినబడడం అంత అనుకూలం కాదు.

అయితే చివరి అక్షరం విడిగా పలకాలని ఇంగ్లీషువారికి తెలిసేదెట్లా? చూసినవారు ‘బ్రోంట్’ అని ఆపేస్తారు. అందుకని పాట్రిక్ చివరి అక్షరం మీద ఒకసారి ఏటవాలు గీత, ఒకసారి అడ్డగీత పెట్టి సంతకం చేసేవాడు. చివరికి రెండు చుక్కలు స్థిరపడ్డాయి. ఆ చుక్కలు అలంకారం కోసం కాదు. ‘నన్ను పూర్తిగా పలకండి’ అని అడగడానికి పెట్టినవి.

ఇక్కడ నన్ను తాకిన ప్రశ్న ఇది. పేరు మార్చుకున్న ఈ మనిషి తనవారినీ మార్చుకున్నాడా?

చదువు రోజుల్లో ఆయనకు డబ్బు చాలలేదు. అప్పుడు తోటివాడైన హెన్రీ మార్టిన్ 1804లో విలియం విల్బర్‌ఫోర్సుకు ఉత్తరం రాశాడు. ఈ మార్టినే తరువాత 1806లో మన దేశానికి వచ్చి క్రొత్త నిబంధనను ఉర్దూలోకి అనువదించిన దైవజనుడు. బానిసల వ్యాపారం మాన్పించడానికి పోరాడిన విల్బర్‌ఫోర్సు, ఆయన మిత్రుడు హెన్రీ థార్న్‌టన్ కలిసి పాట్రిక్‌కు ఏటా చెరి పది పౌనులు ఇచ్చారు. అలా ఇతరుల దాతృత్వంతో చదువు ముగించి, 1807లో పూర్తి అభిషేకం పొంది సంఘకాపరి అయ్యాడు. పొందినదాన్ని ఆయన మరువలేదు. 1855లో రాసిన వీలునామాలో ఐర్లండులోని అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నలభై పౌనులు సమానంగా పంచమన్నాడు. వారికి అంతకుముందే చాలా డబ్బు ఇచ్చి ఉన్నానని కూడా అందులో రాశాడు. ఆ తమ్ముళ్లు కూడా కాలక్రమంలో తమ పేరు బ్రోంటే అనే రాసుకున్నారు. అన్న మార్చిన స్పెల్లింగు వారికి పరాయిది కాలేదు.

1820 నుండి 1861 వరకు, 41 సంవత్సరాలు ఆయన హావర్త్ అనే కొండ ఊరిలో కాపరిగా ఉన్నాడు. అక్కడ 1832లో సండేస్కూలు భవనం కట్టించాడు. ఊరికి మంచినీళ్లు లేక పిల్లలు చనిపోతుంటే పై అధికారులకు అర్జీలు పెట్టాడు. 1850లో ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు బాబేజ్ వచ్చి లెక్క తీస్తే, ఆ ఊరిలో సగటున మనిషి చనిపోయే వయసు 25.8 ఏళ్లని తేలింది. నూటికి నలభై ఒక్కమందికి పైగా ఆరేళ్లు నిండకుండానే పోతున్నారు. ఆ తరువాత కూడా పాట్రిక్ నీళ్ల కోసం ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. తన పేరులోని ‘ఉరుము’ కంటే పాత పేరులోని ‘దాత’యే నాకు ఈ మనిషిలో కనబడుతున్నాడు.

ఆయన ఇంటి కథ మాత్రం దుఃఖభరితం. భార్య మరియ 1821లో ఆరుగురు చిన్నపిల్లలను వదిలి చనిపోయింది. 1825లో పెద్దపిల్లలిద్దరూ పోయారు. మిగిలిన ముగ్గురు ఆడపిల్లలు 1846లో తమ కవితలు అచ్చువేసినప్పుడు, స్త్రీలు రాశారని తెలిస్తే చిన్నచూపు చూస్తారని ఇంటిపేరు దాచి ‘బెల్’ అని వేసుకున్నారు. 1847లో వచ్చిన నవలలకూ అదే పేరు. తండ్రి గౌరవం కోసం ఎన్నుకున్న పేరును బిడ్డలు గౌరవం దక్కదేమోనని దాచవలసి వచ్చింది! 1848లో కొడుకు బ్రాన్‌వెల్, ఆ వెంటనే ఎమిలీ, 1849లో ఆన్, 1855లో షార్లెట్ చనిపోయారు. పాట్రిక్ 1861 జూన్ 7న, 84వ ఏట కన్నుమూశాడు. ఆయనకు మనుమలు లేరు. ఐరిష్ భాషలో ‘ఓ’ అంటే మనుమడని చెప్పుకున్నాం గదా. ఆ లెక్కన పాట్రిక్ వంశం అక్కడితో ఆగిపోయింది. పేరు మాత్రం ప్రపంచమంతా నిలిచింది.

ఇదంతా చదివాక మా చిన్నవాడికి ఫోను చేశాను. “నీకు పని జరగడానికి అక్షరం మార్చుకోవలసివస్తే మార్చుకో నాయనా. కాని మన పేరు అసలు ఎలా పలుకుతారో, అది ఎక్కడిదో, మీ తాత ఎవరో నీ పిల్లలకు తెలుగులో రాసి ఇవ్వు” అన్నాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత “తాతగారి పూర్తి పేరు ఒకసారి చెప్పండి నాన్నగారూ, రాసుకుంటాను” అన్నాడు. నాకు మనసు తేలికపడింది.

చదువరులారా, ఒక్క మాట. 1922 జూన్ 30న ఐర్లండు అంతర్యుద్ధంలో డబ్లినులోని ప్రభుత్వ రికార్డుల కార్యాలయం పేలుడులో తగలబడింది. ఎన్నో సంఘాల బాప్తిస్మపు, వివాహపు రిజిస్టర్లు, పాత జనాభా లెక్కలు బూడిదయ్యాయి. అందుకే ఈనాటికీ ఐర్లండు మూలాలు గల కుటుంబాలవారు కుటుంబ బైబిళ్ల మొదటి పేజీలను, సమాధి రాళ్లను, పెద్దవాళ్ల మాటలను ఆధారం చేసుకొని తమ తాతలను వెదుక్కుంటున్నారు. స్పెల్లింగు తేడాలన్నీ పక్కపక్కన పెట్టుకొని, ఇది మనవాళ్లేనా అని పోల్చుకుంటున్నారు. మన ఇళ్లలో కూడా రేషను కార్డులో ఒక విధంగా, స్కూలు సర్టిఫికెట్టులో ఒక విధంగా, చర్చి రిజిస్టరులో ఇంకొక విధంగా ఇంటిపేరు ఉండడం మామూలే. పెద్దవాళ్లు మన మధ్య ఉన్నప్పుడే వారి దగ్గర కూర్చుని తాత ముత్తాతల పేర్లు, ఊళ్లు, ఇంటిపేరు ఎన్ని విధాల రాశారో అన్నీ అడిగి, తేదీ వేసి ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం మీ ఇంటి బైబిలులో పెట్టండి. ఈ ఆదివారం ఆరాధన ముగించుకొని ఇంటికి వచ్చాక అరగంట చాలు.