స్టూడియో పుటలు

20 మార్చి 2022, నల్లగొండ
నిన్న తెలంగాణ సాయుధ పోరాట యోధురాలు మల్లు స్వరాజ్యం గారు పోయారు. ఇవాళ ఆమె దేహాన్ని ఇక్కడి మెడికల్ కాలేజీకి అప్పగించారు. పొద్దటి నుంచి ఫోన్లలో తుపాకులు పట్టిన ఆడవాళ్ళ పాత ఫోటోనే తిరుగుతోంది. ఆమె తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే. అసెంబ్లీలో మాట్లాడుతున్న ఫోటో ఒక్కరూ పెట్టలేదు. పోరాటం ఆగాక తమను ఇళ్ళకు పొమ్మన్నారని దళాల్లో తిరిగిన ఆడవాళ్ళు 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకంలో చెప్పుకున్నారు. తుపాకీ దించాక వాళ్ళెలా బతికారో చూపే ఫోటో ఎంత వెతికినా నాకు దొరకలేదు.

23 మార్చి
మా బాపు ఫోటో స్టూడియో నెగెటివ్‌ల డబ్బాలు అటక మీంచి దించాను. ఏ జంటను చూసినా ఆయన కుర్చీలో, ఆమె పక్కన నిలబడి.
"ఎందుకట్ల, బాపూ?"
"వచ్చినోళ్ళే అట్ల నిలవడేటోళ్ళు బిడ్డా. ఆమెను కూసోమంటే అత్తగారు ఊకోకపోయేది."
పెళ్ళిసంబంధానికి తీయించిన ఒకమ్మాయి నెగెటివ్‌ను లైటుకు పట్టి చూశాను. చెంపల నిండా, ముక్కు పక్కన, గడ్డం కింద సన్నటి పెన్సిల్ గీతలు. నెగెటివ్ మీద ఎంత నలుపు పెడితే ప్రింటులో అంత తెలుపు. అదే డబ్బాలో మగపిల్లలకు మొటిమల దగ్గర తప్ప పెన్సిల్ తగల్లేదు. బాపు చేతి పనితనం అంటే నాకు ప్రాణం. కానీ ఆ పిల్ల చామనఛాయ అందమైనది, దాన్ని చెరపాల్సింది కాదు.

24 మార్చి
షూట్‌కు మహబూబ్‌నగర్ పోవాలి. ఆ ఊరి పేరు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది. ఆయన ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీలకు జనానా స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపింది కూడా స్త్రీయే, మిసెస్ కెన్నీ-లెవిక్. ఇప్పటికీ నేను కెమెరా భుజాన వేసుకొని పెళ్ళింటికి పోతే "ఫోటోగ్రాఫర్ ఏడమ్మా?" అని నన్నే అడుగుతారు.

27 మార్చి, మహబూబ్‌నగర్
పిల్లలమర్రి దారిలో ప్రీ-వెడ్డింగ్ షూట్. అబ్బాయి బుల్లెట్ మీద, అమ్మాయి వెనక అతని భుజం పట్టుకొని. అందరూ అడిగేదే. అమ్మాయి స్టాఫ్ నర్సు, రోజూ డ్యూటీకి స్కూటీ మీద పోతుంది.
"అక్కా, నేను నడుపుత, ఆయన ఎనక కూసుంటడు. ఒకటి తియ్యరాదు?"
అబ్బాయి కాసేపు తటపటాయించి ఎక్కాడు. చేతులెక్కడ పెట్టాలో తెలియక నన్నే అడిగాడు. "ఆమె భుజం మీద" అన్నాను. అయిదు ఫ్రేములు తీశాను. అబ్బాయి వాళ్ళమ్మ ఆ ఫోటో ఆల్బమ్‌లో వద్దంది. అమ్మాయి పెట్టమంది. పెడుతున్నాను.