పాలు పోసే ఇంట్లో వెన్న కేకు

ఈసారి చెనక్కాయ ధర, వాన సంగతి కాదు, కేకు సంగతి. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ కడదాకా చదవండి, ఇందులో ఉండేది మన పాల లెక్కే.

మా రాయదుర్గం పక్క పల్లెల్లో ఇప్పుడు పిల్లోళ్ళ పుట్టినరోజంటే కేకు కోయాల్సిందే. టౌనుకి పోయి బేకరీ నుంచి తెస్తాం. కేకు మీద తెల్లగా ఉండే క్రీము చాలాచోట్ల పాలది కాదు, నూనెను గట్టిపరిచిన కొవ్వు. ఆ క్రీము డబ్బా మీద వెజిటబుల్ ఫ్యాట్ అని రాసే ఉంటుంది. "ఎనుములు మేపేది మనం, మన పాప తినేది పామాయిలా?" అనింది మా ఇంటామె. అని ఊరుకోలేదు. మూడు దినాలు సాయంత్రం పాలు కేంద్రానికి పొయ్యలేదు. ఆ దుడ్లు దాణాకి పెట్టుకున్నవి, నాకు ప్రాణం ఒప్పలేదు.

కొలత సులువు. వెన్న, చక్కెర, మైదా పావు కిలో చొప్పున, గుడ్లు ఐదు. పెంకు తీస్తే ఐదు గుడ్లూ సుమారు పావు కిలోనే. నాలుగూ ఒక్కో పౌండు వేస్తారు కాబట్టే ఇంగ్లీషోళ్ళు దీన్ని పౌండ్ కేక్ అన్నారు.

ఇప్పుడు పాల లెక్క. కేంద్రంలో ఫ్యాట్ చూసే కదా మనకు దుడ్లు కట్టేది. ఏడు ఫ్యాట్ అంటే లీటరుకు సుమారు 70 గ్రాముల కొవ్వు. వెన్నలో నూటికి 80 పాళ్ళు కొవ్వు. అంటే పావు కిలో వెన్నకి మూడు లీటర్ల ఎనుము పాలు. మజ్జిగ మిగులు.

వెన్నను మజ్జిగ పోయేదాకా నీళ్ళలో కడగాల. కరగబెట్టకూడదు, మెత్తగా ఉంటే చాలు. చక్కెర పొడి వేసి తెల్లగా అయ్యేదాకా చిలకాల. అప్పుడు లోపల చేరే గాలే కేకును పొంగిస్తుంది. గుడ్లు ఒక్కోటిగా కలిపి, మైదాలో చెంచా బేకింగ్ పౌడర్ వేసి జల్లించి కలపాల. కుక్కర్‌కి గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఇసుక పోసి, స్టాండు మీద గిన్నె పెట్టి సన్న మంట మీద గంటసేపు. చీపురు పుల్ల గుచ్చితే తడి అంటకూడదు.

వాసనకి వెనీలా ఎసెన్సు ఒక చెంచా. అంగట్లో దొరికేది ఎక్కువగా ఫ్యాక్టరీలో తయారైందే. అసలు వెనీలా మెక్సికో తీగకు కాసే కాయ. వేరే దేశాల్లో నాటితే పూసింది గానీ కాయ పట్టలేదు. 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ అల్బియస్ అనే పన్నెండేళ్ళ బానిస పిల్లోడు సన్న పుల్లతో పువ్వును కలిపి కాయ పట్టించే ఉపాయం కనిపెట్టినాడు. ఇప్పటికీ ఒక్కో పువ్వునీ చేత్తోనే కలపాల, అదీ పూసిన దినమే. సీడ్ పత్తి క్రాసింగ్‌కి పోయినోళ్ళకి ఆ కష్టం తెలుసు. 2000లో మడగాస్కర్‌లో తుఫాను వచ్చి ధర ఎగిసింది. కర్ణాటక, కేరళ రైతులు ఎగబడి నాటినారు. నాలుగైదేళ్ళకే ధర కూలిపోయింది. టమాటా వేసిన మనకు ఈ కథ కొత్తది కాదు.

కేకు పైన క్రీము లేదు, బొమ్మల్లేవు. పాప రెండు ముక్కలు తినింది, మా అమ్మ కూడా అడిగి పెట్టించుకునింది. దాణాకి ఆ వారం ఇబ్బంది పడినాం, అదీ నిజమే. పాలు అమ్మకుంటే మన ఇల్లు గడవదు. అయినా ఇంటికి ఇంత తీసిపెట్టి మిగిలింది అమ్ముదాం, అమ్మగా మిగిలింది ఇంటికి కాదు.