రెండు మజిలీల దూరం

2023 జూలై మాసంలో మా కళాశాల విద్యార్థులు కొందరు, మూతకు చీలిక చేసిన రేకు డబ్బా ఒకటి పట్టుకొని నా తరగతి గుమ్మంలో నిలబడ్డారు. ఆ సంవత్సరం మే 3వ తేదీన మణిపూర్ రాష్ట్రంలో చెలరేగిన సాయుధ ఘర్షణల వలన సుమారు 60,000 మంది ఇల్లూ వాకిలీ విడిచి శిబిరాల పాలయ్యారు. వారిలోని పిల్లల నిమిత్తం ఆ చందా. వెనుక వరుస నుండి ఒక విద్యార్థి లేచి, "మణిపూర్ ఎక్కడ, మన శ్రీకాకుళం ఎక్కడ సార్? మన పది రూపాయలు అంత దూరం చేరతాయా?" అని అడిగాడు. ఆ ప్రశ్నలో వెటకారం లేదు. ఆ పది రూపాయలు అతనికి సాయంత్రపు టీ ఖర్చు.

నేను ఆనాడు జవాబు చెప్పక, ప్రబంధ పాఠంలోకి దిగాను. జవాబు మా ఇంట్లోనే ఉన్నదన్న సంగతి నాకు రాత్రి గాని తట్టలేదు.

మా దాదీ 1934లో రంగంలో పుట్టింది. రంగూనును మన ఉత్తరాంధ్ర పెద్దలు రంగమనే అనేవారు. 1931 జనాభా లెక్కల నాటికి ఆ నగరంలో సగానికి పైగా భారతీయులే. వారిలో మన తీరప్రాంతపు తెలుగువారు వేలాదిగా ఓడరేవులోను, బియ్యపు మిల్లులలోను కష్టించేవారు. కోరంగి రేవు పేరు మీదుగా వారిని అక్కడ కోరంగీలని పిలిచేవారు. దాదీ తండ్రి ఒక మిల్లులో బస్తాలు లెక్కగట్టే గుమాస్తా.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూనుపై బాంబులు కురిపించాయి. 1942 మార్చి 8 నాటికి నగరం వారి వశమైంది. ఓడలు కొద్దిమందికే దక్కినవి. మిగిలిన లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకన స్వదేశానికి బయలుదేరారు. ఇల్లు చేరినవారు నాలుగైదు లక్షలు. దారిలో రాలిపోయినవారు పది వేల నుండి యాభై వేల వరకు ఉంటారని చరిత్రకారుల అంచనా. ఇంత తేడాగల అంచనా ఎందుకంటే, లెక్క వ్రాసుకున్న నాథుడు లేడు.

దాదీ కుటుంబం ఫిబ్రవరిలో బయలుదేరి, చింద్విన్ నది మీద పడవలో కలేవా చేరి, అక్కడి నుండి కబా లోయగుండా తము వైపు నడిచింది. ఆమె వయస్సు ఎనిమిదేళ్ళు. తమ్మునికి నాలుగు. నీళ్ళు తాగిన చోటల్లా కలరా. ఆమె ఈ కథను నా చిన్నతనంలో, బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తలెత్తకుండా చెప్పేది.

"రెండు మజిలీలు బేటా, ఇంకా రెండే మజిలీలు ఉన్నాయి."

మజిలీ అన్నది మన తెలుగువారు ఉర్దూ మంజిల్ నుండి తీసుకొని తమదిగా చేసుకున్న మాట. రెండు భాషల పత్రిక ఇది కావున చెప్పుతున్నాను. దాదీ నోట అది ఒక పగటి నడక. ఆ రెండు పగళ్ళు మిగిలి ఉండగా తమ్ముడు చనిపోయాడు. తండ్రి తన లుంగీలో సగం చింపి కఫన్ చేశాడు. మిగతా సగం కట్టుకొని నడిచాడు.

రెండు రోజుల తరువాత శిబిరం వచ్చింది. ఆ దారిలో అస్సాం టీ తోటల యజమానుల సంఘమైన ఇండియన్ టీ అసోసియేషన్ శిబిరాలు నెలకొల్పింది. తోటల కూలీలే అక్కడ దారులు వేశారు. వెదురు పాకలో అన్నం, వేడి టీ. గరిటె పట్టుకొన్న మనిషి పెద్దలను పక్కకు జరిపి, పిల్లలను ముందుకు రమ్మన్నాడట. దాదీ రెండు లోటాల టీ అడిగింది. రెండవది ఎవరికని అతడడిగితే ఆమె చెప్పలేకపోయింది. అతడు పోశాడు. అతని పేరు ఆమెకు తెలియదు. ఏ భాషవాడో కూడా తెలియదు.

ఆపద వేళ సాయం మొట్టమొదట బిడ్డకే అందవలెనని నానాజాతి సమితి జెనీవాలో ప్రకటించినది 1924లో. దాని ముసాయిదా వ్రాసిన ఎగ్లంటైన్ జెబ్ అనే ఇంగ్లీషు వనిత, అంతకు అయిదేండ్ల క్రితం, శత్రుదేశపు పిల్లల ఆకలిని చూపే కరపత్రాలు పంచినందుకు లండనులో అరెస్టై అయిదు పౌన్ల జరిమానాకు గురైనది. ఆ సమితిలో నాటి ఇండియా కూడ సభ్యదేశమే. పదునెనిమిదేళ్ళ తరువాత అదే ప్రభుత్వపు ఏలుబడిలో, తెల్లవారికొక దారి, నల్లవారికొక దారి ఏర్పరచారని మన జాతీయ నాయకులు గర్హించవలసి వచ్చింది. గరిటె పట్టిన ఆ మనిషి జెనీవా ప్రకటన చదివి ఉండడు. అయినా పిల్లలనే ముందు పిలిచాడు. కాని అతని పాక ఇంకొంచెం అవతల, ఆ రెండు మజిలీల అవతల, ఉండి ఉంటే?

తము దాటితే మోరే, ఆపైన పాలేల్, ఆపైన ఇంఫాల్. అంతా మణిపూరే. మా కుటుంబంలో ప్రాణాలతో మిగిలినవారు మొదట కడుపునిండా తిన్నది ఆ నేల మీదనే. దాదీవాళ్ళు కలకత్తా మీదుగా ఏప్రిల్ నెలలో, అప్పట్లో చికాకోల్ రోడ్డు అనే ఆమదాలవలస స్టేషనులో దిగారు. ఆ నెల 6వ తేదీననే విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయి. పట్నం వదిలి పల్లెలకు పారిపోతున్న జనాన్ని చూచి, యుద్ధం మన వెంటనే రైలెక్కి వచ్చిందని దాదీ తల్లి అన్నదట.

మరునాడు తరగతిలో ఈ కథ చెప్పాను. ప్రశ్న అడిగిన విద్యార్థి ఏమీ అనలేదు. డబ్బా మాత్రం నిండింది. తెరచి లెక్కిస్తే 11,640 రూపాయలు.

ఇక నా నేరం. ఆ సొమ్మును ఏ సంస్థ ద్వారా పంపవలెనో నిర్ణయించే బాధ్యత నేనే కోరి తీసుకొన్నాను. ఒక సంస్థ మంచిదా, మరొకటి మంచిదా అని విచారించాను. పరీక్షలు వచ్చాయి. తరువాత సెలవులు. డబ్బు నా బీరువాలో, జవాబు పత్రాల కట్టల క్రింద, ఇరవై మూడు రోజులు ఉండిపోయింది. విచారణ తప్పని నేననను. ఎవరికో తెలియక ఇచ్చేయరాదు. అయితే దానికి రెండు రోజులు చాలు. మిగిలిన ఇరవై ఒక్క రోజులు ఎక్కడకు పోయాయని నన్ను ఎవరూ అడగలేదు. విద్యార్థులు గురువును అడగరు కదా! కమిటీ పెద్దలు రసీదు చూచి సంతోషించారు.

దాదీ 2009లో కాలం చేసింది. ఆమె ఉండి ఉంటే, బియ్యం చేట ప్రక్కన పెట్టి, "ఎన్ని మజిలీలు, బేటా?" అని అడిగేది.

ఆ రసీదు ఇప్పుడు మా తెలుగు శాఖ గోడకు అంటించి ఉంది. దానిపై అచ్చయిన తేదీ ప్రక్కనే, డబ్బా తెరచిన తేదీని కూడా నేనే ఎర్ర సిరాతో వేశాను.