డిస్కు సర్దితే జాగా పెరుగుతదా?



మన బడి కంప్యూటరులో డిస్కు నిండిపోయింది. నాయనమ్మలు చెప్పే కోయ కథలు రికార్డు చేసి దాచుకుందామంటే చోటు లేదు. "డీఫ్రాగ్ చేస్తే జాగా వస్తది" అని కొందరు అంటున్నారు. సారును అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

డిస్కులో చిన్న చిన్న గదులుంటాయి. విండోస్‌లో ఒక్కో గది మామూలుగా 4 కిలోబైట్లు. పెద్ద ఫైలుకు ఒక్కచోట ఖాళీ దొరక్కపోతే ముక్కలై అక్కడక్కడా కూర్చుంటుంది. డీఫ్రాగ్ ఆ ముక్కలను ఒక్క దగ్గరికి చేరుస్తుంది.

మన భోజనాల హాలులో 40 చోట్లకు 33 మంది కూర్చున్నారనుకోండి. ఒక్కో ఊరి పిల్లలను ఒక్క వరుసకు తెస్తే పిలవడం సులువు. ఖాళీలన్నీ ఒక పక్కకు వస్తాయి. కానీ 7 ఖాళీలు 8 కావు కదా! డిస్కూ అంతే. గుండ్రంగా తిరిగే పాత రకం డిస్కు త్వరగా చదువుతుంది గానీ జాగా పెరగదు. పైగా సర్దడానికే కొంత ఖాళీ ఉండాలి. విండోస్ ఎక్స్‌పీలో పూర్తిగా సర్దాలంటే 15 శాతం అడిగేది. ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, దానికి ఈ సర్దుడు అక్కరలేదు.

జాగా కావాలంటే ఎవరో ఒకరు లేవాల్సిందే. రెండేసిసార్లు ఎక్కించిన సినిమాలు తీసెయ్యాలి. తీసేసినవి రీసైకిల్ బిన్‌లో ఉండి చోటు తింటాయి, దాన్నీ ఖాళీ చెయ్యాలి.

సినిమా మళ్ళీ ఎక్కడైనా దొరుకుతది. మా ఇంట్లో బడికొచ్చింది నేనే మొదలు. మా నాయనమ్మ కథ ఏ పుస్తకంలోనూ లేదు. ముందు ఆమె గొంతుకు చోటిద్దాం.

- 9వ తరగతి విద్యార్థిని