మంచు మీద గోలీలాట!

నడి వేసవిలో ఆత్మకూరు మిద్దెల మీద కాలు పెట్టలేం. అలాంటి ఊరి నుంచి, కెనడాలో ఉన్న కొడుకు దగ్గరికి నవంబరులో వెళ్లిన తల్లిదండ్రుల అవస్థ వేరే చెప్పాలా! మొదటి వారం మంచు ముచ్చటగానే ఉంటుంది. రెండో వారానికి కిటికీ అద్దమే లోకమైపోతుంది. కొడుకూ కోడలూ ఆఫీసుకీ, పిల్లలు బడికీ వెళ్లిపోతే పలకరించే దిక్కుండదు. రోజూ బస్టాండు దాకా నడిచి, టీ తాగి, నలుగురితో నాలుగు మాటలాడి వచ్చే మనిషికి అంతకన్నా శిక్ష ఏముంటుంది?

అలాంటి ఓ శనివారం పొద్దున 'నాయనా, లే... రాళ్లాట ఆడొద్దాం' అని కొడుకు లేపాడనుకుందాం. కారు ఆగేది కర్లింగ్ క్లబ్బు ముందు!

కెనడాలో నగరాల్లోనే కాదు, చిన్న చిన్న ఊళ్లలోనూ ఈ క్లబ్బులుంటాయి. చాలా క్లబ్బులు కొత్తవాళ్ల కోసం ప్రత్యేకంగా తలుపులు తెరుస్తాయి. వెచ్చని బట్టలు, వీధిలో తొడగని శుభ్రమైన బూట్లు ఉంటే చాలు. మిగతా సరంజామా వాళ్లే ఇస్తారు.

లోపల దాదాపు 45 మీటర్ల పొడవున మంచు బాట. ఆ కొసన రంగురంగుల వలయాలు, పెద్ద చుట్టుముగ్గులా. దాన్ని 'హౌస్' అంటారు, అడ్డంగా కొలిస్తే పన్నెండడుగులు. రాయిని జార్చి దాని నడిబొడ్డుకు చేర్చాలి. అడ్డొచ్చిన ఎదుటివాళ్ల రాయిని కొట్టి పంపేయొచ్చు. గోలీలాడిన చేతికి ఇదేమంత కొత్త? కాకపోతే ఈ గోలీ బరువు ఇంచుమించు ఇరవై కిలోలు! కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు దాన్ని ఎత్తబోవడం. ఎత్తకూడదు, తోయాలంతే.

చీమకుర్తి గ్రానైట్ చూసిన కళ్లకు ఆ రాయి నునుపు వింతేమీ కాదు. కానీ దాని పుట్టుక వింతే. వింటర్ ఒలింపిక్స్‌లో వాడే రాళ్లు స్కాట్లాండ్ దగ్గర సముద్రంలో ఉన్న ఐల్సా క్రెయిగ్ అనే చిన్న దీవివి. అక్కడ మనుషులు ఉండరు, పక్షులదే రాజ్యం. ఆ గ్రానైట్ నీటిని పీల్చుకోదు, ఢీకొన్నా తేలిగ్గా పగలదు.

అసలు పరీక్ష అడుగు వేశాక మొదలవుతుంది. ఒక కాలు రబ్బరు ఆనుడు మీద, రెండోకాలి కింద జారుడు బిళ్ల. గొంతుక్కూర్చుని ముందుకు తన్నుకోవాలి. తొలి ప్రయత్నంలో రాయి ఒకవైపు, మనిషి ఒకవైపు! టీవీలో చూసి 'ఇల్లు ఊడవడమూ ఓ ఆటేనా' అని నవ్విన వాళ్లంతా ఇక్కడ నోరు మూసుకోవాల్సిందే.

వదిలేటప్పుడు రాయిని కాస్త తిప్పాలి. అప్పుడది దారి మళ్లి వంపు తిరుగుతుంది. ఇంట్లో ఓ స్టీలు గ్లాసును బోర్లించి, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పుతూ నున్నటి బల్లమీద జార్చి చూడండి. ఎడమకు పోతుంది. కర్లింగ్ రాయిని అలాగే తిప్పితే కుడికి పోతుంది! ఎందుకన్నది శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

ఇక ఆ ఊడ్చే పని... మంచు మీద ముందే నీటి తుంపర్లు చల్లి బొడిపెలు కట్టిస్తారు. బ్రష్షుతో గట్టిగా రుద్దితే వాటి పైపొర వెచ్చబడి రాయి ఇంకాస్త దూరం, ఇంకాస్త తిన్నగా పోతుంది. అంటే, వదిలేశాక రాయి విసిరినవాడి చేతుల్లో ఉండదు. తోటివాళ్లిద్దరు దాని ముందు పరుగెడుతూ రుద్దాలి, కెప్టెన్ ఆ కొసన నిలబడి అరవాలి. ఒంటరిగా ఆడే వీలే లేదు.

మోకాళ్ల నొప్పులా? వాళ్లకీ దారుంది. పొడవాటి కర్రను రాతి పిడికి తగిలించి, నిలబడే తోయొచ్చు. అరవై దాటినవాళ్లు ఇలా ఎంచక్కా ఆడుకుంటారు. చక్రాల కుర్చీలో కూర్చుని ఆడే పోటీ 2006 నుంచి పారాలింపిక్స్‌లోనే ఉంది. మామూలు కర్లింగ్ 1998 నాగనో ఒలింపిక్స్ నుంచి పతకాల ఆట.

అన్నట్టు, ఈ ఆట కెనడాది కాదు. స్కాట్లాండ్‌లో దొరికిన ఓ పాత రాయి మీద 1511 అని చెక్కి ఉంది. పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటిన స్కాట్లాండ్ వాళ్లు 1807లో మాంట్రియల్‌లో క్లబ్బు పెట్టుకున్నారు. ఊరు వదిలినా ఊరి ఆట వదల్లేదన్నమాట.

ఇందులో తప్పు చేస్తే ఎవరికి వారే ఒప్పుకోవాలన్నది ఆనవాయితీ. ఆట అయ్యాక రెండు జట్లూ ఒకే బల్ల చుట్టూ చేరడం ఇంకో ఆనవాయితీ. చాలాచోట్ల గెలిచినవాళ్లే ఓడినవాళ్లకు తాగడానికి ఇప్పిస్తారు. మన పెద్దాయన టీ అడిగినా ఏమీ అనుకోరు. పక్కన కూర్చున్న ముసలాయన 'మీదే ఊరు?' అని తప్పకుండా అడుగుతాడు. ఆత్మకూరంటే అర్థం కాదు కాబట్టి పెన్నా నది నుంచీ, సోమశిల డ్యాము నుంచీ, మే నెల ఎండ నుంచీ మొదలుపెట్టాలి. టీ చల్లారిపోతుంది.