స్ట్రాస్‌బర్గ్‌లో చివరి మూడు రోజులు, ఇస్లాపూర్‌లో ఒక ఇల్లు

పది రోజుల యూరప్ ప్రయాణంలో ఏడు రోజులు పారిస్‌లోనే అయిపోయాయి. ఆ ఫొటోలు అందరూ చూసేశారు, ఐఫిల్ టవర్ దగ్గర గాలికి చీర కొంగు ఎగిరి మొహాన పడ్డ ఫొటోతో సహా. వాటి గురించి మళ్లీ చెప్పేదేమీ లేదు. చివరి మూడు రోజుల సంగతి మాత్రం ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. ఇస్లాపూర్ ఇంటి మాట అప్పుడే మొదలైంది. ఆ విషయంలో మన ఇంట్లో కొందరికి మా మీద ఇంకా కోపం ఉంది కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాం.

కొత్తగా చదివేవాళ్ల కోసం మా గురించి రెండు మాటలు. మేమిద్దరం బెంగళూరులో ఉంటాం. ఇద్దరిదీ తెలుగిల్లే, కానీ ఇద్దరిలో ఎవరూ బడిలో తెలుగు చదవలేదు. మా ఆయన ఇస్లాపూర్‌లో పుట్టి మరాఠీ మీడియంలో చదివారు. మా పుట్టింటివాళ్లు సింధనూరు దగ్గర క్యాంపులో స్థిరపడ్డారు, అందుకని ఇటు చదువంతా కన్నడ మీడియం. తర్వాత సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. పెళ్లయిన కొత్తలో అత్తగారింట్లో "ఆ గంజు ఇటియ్యి" అంటే, గంజి కలిపి గ్లాసులో పోసి ఇచ్చిన ఘనత మాది. గంజు అంటే గిన్నె అని అప్పుడే తెలిసింది. తెలుగు రాయడం కన్నడ లిపి పోలికతో పట్టుకున్నదే, కాబట్టి ఒత్తులు ఎక్కడైనా తప్పితే సర్దుకోండి.

మా తిరుగు విమానం ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి. దారిలో పడుతుంది కదా అని చివరి మూడు రోజులకు స్ట్రాస్‌బర్గ్‌లో గది తీసుకున్నాం. సెప్టెంబర్ నెల, పొద్దున పారిస్‌లో రైలెక్కితే రెండు గంటలు కూడా పట్టలేదు. సూట్‌కేసులు దింపుతుంటే పెద్దబాపు ఫోన్ వచ్చింది.

"ఇంటికి మంచి బేరం అచ్చింది. దసరాకు బయానా తీసుకుందం. మీరు ఊ అంటే అయిపాయె."

చెప్పిన మొత్తంలో మా సగం వస్తే బెంగళూరు ఫ్లాట్ అప్పు దాదాపు సగం తీరిపోతుంది. ప్లాట్‌ఫారం మీదే ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "రెండు రోజుల్లో చెప్తాం పెద్దబాపూ" అని పెట్టేశాం.

ఆ ఇల్లు చూడనివాళ్లకు చెప్పాలి. మట్టి గోడలు, టేకు దూలాలు, పైన బంగ్ల పెంకలు, నాలుగు అర్రలు, వెనుక దొడ్డి, దొడ్లో బావి. పెద్దబాపు రోడ్డు మీద స్లాబు ఇల్లు కట్టుకుని వెళ్లిపోయారు. పాత ఇంట్లో బాపమ్మ ఒక్కతే ఉంటుంది. పంచాయతీ నమూనా 8లో ఇల్లు ఇద్దరు కొడుకుల పేరు మీద ఉండేది, మా మామగారు పోయాక సగం మా ఆయన పేరున ఎక్కింది. బాపమ్మ పేరు ఏ కాగితంలోనూ లేదు.

మొదటి రోజు సాయంత్రం కేథడ్రల్‌కు వెళ్లాం. గులాబి రంగు ఇసుకరాతి కట్టడం, గోపురం 142 మీటర్లు. 1439లో పూర్తయింది. 1647 నుంచి 1874 దాకా ప్రపంచంలో అంతకంటే ఎత్తైన కట్టడం లేదట. రెండు గోపురాలకు చోటుంది గానీ రెండోది కట్టనే లేదు. అందరూ తలెత్తి చూస్తున్నారు. మేము ఫోన్‌లో కాల్‌క్యులేటర్ తీసి ఈఎంఐ లెక్క వేస్తున్నాం. అంత గోపురం కింద నిలబడి వడ్డీ లెక్క వేసినవాళ్లం ఆ రోజుకు మేమే అయి ఉంటాం.

రెండో రోజు లోపల ఖగోళ గడియారం చూశాం. ఇప్పుడున్న యంత్రం 1843 నాటిది. పన్నెండున్నరకు అపొస్తలుల బొమ్మలు ఒక్కొక్కటే కదిలి వెళ్తాయి, పైన కోడిపుంజు మూడుసార్లు కూస్తుంది. కూత వినగానే ఆయన నవ్వారు. "బాపమ్మ ఉంటే లేచి పొయ్యి ముట్టిస్తుండె." అప్పటిదాకా ఇంటి మాట ఇద్దరం తప్పించుకుంటూనే ఉన్నాం. ఆ మాటతో బాపమ్మ వచ్చి మా పక్కన నిలబడినట్టయింది.

పాత ఊళ్లో తిరుగుతుంటే వీధి బోర్డులు రెండేసి భాషల్లో కనిపించాయి. పైన ఫ్రెంచి, కింద అక్కడివాళ్ల ఇంటి భాష అల్సేషియన్. అది జర్మన్‌కు దగ్గరి చుట్టం. 1871లో ఈ ప్రాంతం జర్మనీకి పోయింది, 1918లో ఫ్రాన్సుకు వచ్చింది, 1940లో మళ్లీ జర్మనీ పట్టుకుంది, యుద్ధం చివర తిరిగి ఫ్రాన్సు. 1870లో పుట్టి 1945 దాకా బతికిన మనిషికి, గడప దాటకుండానే నాలుగుసార్లు దేశం మారిపోయింది. ఇంట్లో అల్సేషియన్ మాట్లాడే పిల్లలు ఇప్పుడు బాగా తక్కువ. ఆ బోర్డుల కింద నిలబడి మేము ఎవరి సంగతి అనుకున్నామో చెప్పక్కర్లేదు.

అక్కడి నుంచి రిపబ్లిక్ చౌక్‌కు వెళ్లాం. మధ్యలో 1936లో పెట్టిన యుద్ధ స్మారకం ఉంది. ఒక తల్లి, చావుకు దగ్గరైన ఇద్దరు కొడుకులను పట్టుకుని ఉంటుంది. కొడుకుల ఒంటి మీద బట్టల్లేవు. ఒకడు ఫ్రాన్సు వైపు, ఒకడు జర్మనీ వైపు పోరాడినవాడు, అందుకే ఏ సైన్యం దుస్తులూ వేయలేదు. కింద "మా మృతులకు" అని మాత్రమే ఉంది, ఏ దేశం కోసమో రాయలేదు. ఆ తల్లిని ఎవరైనా అడిగి ఉంటారా అని ఆయన మెల్లగా అన్నారు. అక్కడి బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాం. ఆ గంటసేపు మాట్లాడుకున్నదంతా ఇస్లాపూర్ గురించే.

మన పిల్లల్లో చాలామందికి తెలియదు, ఇస్లాపూర్ ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలో ఊరి పేరే ఉంది. బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్, కిన్వట్ తాలూకా, రాజూరా తాలూకా బొంబాయి రాష్ట్రానికి పోయాయి, మిగతా ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. 1960 మే 1 నుంచి ఇటువైపు మహారాష్ట్ర. బాపమ్మ పుట్టిల్లు బోథ్ దగ్గరి పల్లె. పెళ్లి 1955లో అయిందని ఇంట్లో లెక్క. అంటే ఒకే తాలూకాలో ఇచ్చిన పిల్ల, మరుసటి ఏడు నవంబర్ 1 నాటికి పరాయి రాష్ట్రం కోడలైంది. పుట్టింటివాళ్లు ఆంధ్రప్రదేశ్ అయ్యారు, 2014లో తెలంగాణ అయ్యారు. ఆమె మాత్రం అదే పొయ్యి దగ్గర, అదే బావి నీళ్లతో ఉంది. బజారులో మరాఠీ, ఇంట్లో తెలుగు, దేవుడి దగ్గర రెండూ.

మా టెస్టింగ్ పనిలో మొదట నేర్పే పాఠం ఒకటుంది. పద్దెనిమిదేళ్లు నిండాలి అనే గడి ఉంటే అందులో 30 వేసి చూసి లాభం లేదు. 17, 18, 19 వేసి చూడాలి. తప్పులన్నీ హద్దుల దగ్గరే దాక్కుంటాయి. గీత గీసినవాళ్లకు నడిమధ్య ఉన్నవాళ్లంతా బాగానే కనిపిస్తారు. హద్దు మీద ఉన్న మనిషిని అడిగితే గానీ అసలు సంగతి బయటపడదు. రోజూ ఆఫీసులో చేసే ఈ పని సొంత ఇంటి విషయంలో మేము చేయలేదు. పెద్దబాపు మమ్మల్ని అడిగారు, మేము కాల్‌క్యులేటర్‌ను అడిగాం. ఆ ఇంట్లో ఉన్న మనిషిని అడగాలని మా ఇద్దరికీ తోచలేదు.

మూడో రోజు ట్రామ్‌లో రైన్ నది దాటి కేల్‌కు వెళ్లాం. అది జర్మనీ ఊరు. 2017 నుంచి స్ట్రాస్‌బర్గ్ ట్రామే అక్కడిదాకా పోతుంది. సబ్బులు, క్రీములు అక్కడ చవక అని ఫ్రాన్సువాళ్లు సంచులు పట్టుకుని వస్తారు. మేమూ రెండు సంచులు నింపాం. తిరిగి వచ్చేటప్పుడు 2004లో కట్టిన కాలినడక వంతెన మీదుగా నడిచాం. రైన్ నిండుగా, నిమ్మళంగా పోతోంది. సెప్టెంబర్‌లో మన పెన్‌గంగ సహస్రకుండ్ దగ్గర నల్లబండల మీద నుంచి దూకే హోరుతో పోలిస్తే ఇది పెంపుడు నదిలా ఉంది. మన దగ్గరా అంతే కదా, ఇటు ఒడ్డు మరాఠ్వాడా, అటు ఒడ్డు విదర్భ.

వంతెన నడుమ ఆగి బాపమ్మకు ఫోన్ చేశాం. అక్కడ సాయంత్రం ఆరున్నర.

"ఏడున్నరు బిడ్డా?"

"గంగ మీద వంతెన ఉంది, దాని మీద నిలబడ్డం బాపమ్మా. ఇటు ఒక దేశం, అటు ఒక దేశం."

"అవతలోళ్లు ఏం మాట్లాడుతరు?"

"వాళ్ల మాట వేరే. కానీ ఒకరిది ఒకరికి కొంచెం కొంచెం వస్తది."

"అయితె మన లెక్కనే."

తర్వాత ఆయన ఇంటి సంగతి ఎత్తారు. కాసేపు చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకున్నాం.

"పెద్దోడు చెప్పిండు, అమ్ముతున్నం అని. చెప్పిండు, అడగలె."

"మరి నువ్వేమంటవ్ బాపమ్మా?"

"ఫోన్ల ఏం చెప్త. పత్తి ఏరినంక అచ్చి నా ముందట కూసోండ్రి. అప్పుడు చెప్త."

ఆ రాత్రి గదిలో కెటిల్‌లో నీళ్లు కాచుకుని, మిగిలిన అటుకులు తడుపుకుని తిని, పెద్దబాపుకు ఫోన్ చేశాం. దసరాకు బయానా వద్దన్నాం. ఆయనకు కోపం వచ్చింది. "ఫారిన్‌ల కూసొని ఈడి ఇంటికి తీర్పు చెప్తరా? పెంకలు మార్చేది నేను, ముసలామెను దవాఖానకు తోలుకపోయేది నేను" అన్నారు. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. మేము ఏడాదికి రెండుసార్లు వచ్చి ఫొటోలు తీసుకుని పోయేవాళ్లం. ఆయన రోజూ ఉండేవారు. "తప్పు మాది కూడా, నవంబర్‌లో వస్తాం, అందరం కూర్చుందాం" అని మాత్రం అనగలిగాం. సూట్‌కేసులు సర్దుతూ ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. సెలవు అక్కడితో అయిపోయింది.

నవంబర్ చివర సెలవు పెట్టి వెళ్లాం. వాకిట్లో తెల్లగా పత్తి కుప్ప. పిల్లలకని తెచ్చిన కొంగ బొమ్మను బాపమ్మ చేతిలోకి తీసుకుంది. ఆ దేశంలో కొంగ అంటే శుభం అని చెప్పాం. "ఇది మన వాగుల ఉండేదే గదా, దీనికి పైసలు పెట్టిన్రా?" అని నవ్వింది. ఆ తర్వాత పెద్దబాపును, మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి తన మాట చెప్పింది. దొడ్డి అమ్ముకోండి. బావి, ఇల్లు తాను ఉన్నన్నాళ్లు ఉండాలి. తర్వాత మీ ఇష్టం. అంతే. పెద్దబాపు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ముందే చెప్పకపోతివి అవ్వా" అన్నారు. "అడిగితివా?" అంది.

మంచి బేరం తెచ్చినాయన వేరే ఇల్లు చూసుకున్నాడు. దొడ్డికి వచ్చిన డబ్బుతో ముందు పెంకలు మార్పించాం. మా ఫ్లాట్ అప్పు ఎప్పటిలాగే నెలనెలా కడుతున్నాం. ఈ నిర్ణయం లెక్క ప్రకారం నష్టమే, దాచేదేమీ లేదు.

ఆ రోజే బాపమ్మ సందూకు తీసి కాగితాలన్నీ ముందర పెట్టింది. నిజాం నాటివి ఉర్దూలో ఉన్నాయి, తర్వాతివన్నీ మరాఠీలో. ఒక్కొక్కటి చూస్తూ పోయాం. ఆ ఇంట్లో అందరూ మాట్లాడిన భాషలో ఒక్క కాగితం కూడా లేదు. అందుకని ఈ సంగతి తెలుగులో రాసి పెడుతున్నాం, బోథ్ దగ్గరి పల్లె పేరు, 1955 పెళ్లి లెక్క, బావి మాట, అన్నీ.

పిల్లలకు సెలవులు దొరికితే ఒకసారి తీసుకుని రండి. ముద్ఖేడ్–ఆదిలాబాద్ రైలు మార్గం మన వైపు నుంచే పోతుంది. వానాకాలంలో వస్తే సహస్రకుండ్ కూడా చూడొచ్చు. బాపమ్మ ఇంకా కోడి కూయకముందే లేస్తోంది. వచ్చినప్పుడు "గంజు ఇటియ్యి" అంటే కంగారు పడకండి, గిన్నె అందించండి చాలు.